ఎగ్జిబిషన్ స్టాల్ నుంచి షాపు ఆర్డర్ దాకా: చేత్తో చేసిన నగల వ్యాపారం పెంచుకోవడం ఎలా

ఇంట్లో కూర్చుని పూసల దండలు గుచ్చి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే తెలిసినవాళ్ళు కొంటారు. ఏడాది తిరిగేసరికి తెలిసినవాళ్ళు అయిపోతారు. మా పిన్ని ఐదో దండ కొన్నాక "ఇంక నాకు మెడ ఖాళీ లేదే తల్లీ" అంది. బయటికి వెళ్ళక తప్పదని నాకు ఆ రోజే అర్థమైంది. అక్కణ్ణుంచి విజయవాడలో, గుంటూరులో స్టాళ్ళు పెట్టి, ఇప్పుడు కొన్ని బొటీక్‌లకి సరుకు వేసేదాకా వచ్చాను. మధ్యలో బాగానే డబ్బులు పోగొట్టుకున్నాను, మీరు కూడా అవే డబ్బులు పోగొట్టుకోకుండా ఇది రాస్తున్నాను.

ఎగ్జిబిషన్ వేరు, హోల్‌సేల్ వేరు అనుకుంటారు చాలామంది. నా లెక్కలో రెండూ ఒకటే పని. జనం ఏ డిజైన్‌ని చేతిలోకి తీసుకుంటున్నారు, ఏది అద్దం ముందు మెడకి ఆనించుకుని మళ్ళీ కింద పెట్టేస్తున్నారు, ఎంత చెప్తే బేరమాడకుండా ఇస్తున్నారు, ఇవన్నీ తెలిసేది స్టాల్‌లోనే. అక్కడ నెగ్గిన పది డిజైన్లు మాత్రమే షాపుకి పట్టుకెళ్ళాలి. మీకు ముద్దొచ్చిన డిజైన్లు పట్టుకెళ్తే షాపువాళ్ళు మర్యాదగా టీ ఇచ్చి పంపిస్తారు, అంతే.

రేటు కట్టడం రాకుండా స్టాల్ బుక్ చేయకండి

అసలు చిక్కంతా ఇక్కడే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను. ఒక మోనాలిసా పూసల (రంగురాళ్ళలా కనిపించే కృత్రిమ పూసలు) దండ తీసుకుందాం. పూసలు మూడు లైన్లు, లైను 80 చొప్పున 240 రూపాయలు. పెండెంట్ 180. నక్షి బాల్స్ (చెక్కడం పని ఉన్న లోహపు గుండ్లు), పూసలు గుచ్చే గేర్ వైరు, హుక్కు, వెనక తాడు కలిపి 50. డబ్బా, కవరు 15. పగిలిన పూసలకి, రంగు కలవక పక్కన పడేసిన వాటికి ఇంకో 15 వేసుకోండి, మొత్తం 500. గుచ్చడానికి గంటన్నర పడుతుంది, గంటకి 80 చొప్పున మీ కూలీ 120. "నా చేతి పనికి కూలీ ఏంటండీ, ఇంట్లోనే కదా చేసేది" అనే మాట నేనూ రెండేళ్ళు అన్నాను, రేపు ఆర్డరు పెరిగి పక్కింటావిడని సాయం పెట్టుకుంటే ఆవిడకి మీ జేబులోంచి ఇవ్వాల్సి వస్తుంది కదా, అందుకని మొదటి రోజు నుంచే రాయండి. కరెంటు, సరుకు కోసం విజయవాడ వన్‌టౌన్ బజారుకి వెళ్ళొచ్చిన ఆటో, ఫోన్ రీచార్జి లాంటి వాటికి ఇంకో 60 వేస్తే 680 అయింది.

ఈ దండని మనలో ఎక్కువమంది 850కి అమ్మేసి 170 మిగిలిందని సంతోషపడతాం. సరే, అదే దండని బొటీక్‌కి పట్టుకెళ్ళండి. వాళ్ళు అమ్మే ధరలో 40 శాతం తమకి మిగలాలంటారు, కొందరు సగం అంటారు. అది అత్యాశ కాదు, వాళ్ళకి అద్దె ఉంది, ఏసీ ఉంది, అమ్మే అమ్మాయికి జీతం ఉంది. 850లో 40 శాతం తీస్తే మీ చేతికొచ్చేది 510. మీకు పడిందే 680. అంటే ఎంత పెద్ద ఆర్డరొస్తే అంత నష్టం.

అందుకని లెక్క తిరగేసి కట్టాలి. 680 మీద పాతిక శాతం మీ లాభం వేసుకుంటే 850, అది మీ హోల్‌సేల్ రేటు. షాపువాళ్ళకి 40 శాతం మిగలాలంటే వాళ్ళు అమ్మే ధర 1,400 దగ్గర ఉండాలి. ఈ దండ 1,400 పలుకుతుందా అనేది ఎగ్జిబిషన్‌లో ఆ రేటు చీటీ కట్టి చూస్తే తెలుస్తుంది. పలకకపోతే రేటు కోసుకోవద్దు, డిజైన్ మార్చండి. మూడు లైన్లు రెండు చేయండి, పెండెంట్ చిన్నది పెట్టండి, గుచ్చే టైము గంటలోపుకి తెండి. అప్పుడు మీ ఖర్చు 450కి వస్తే హోల్‌సేల్ 560, షాపులో 950. ఇది అమ్ముడుపోతుంది, నాకు అనుభవమే.

ఇంకో సంగతి. షాపులో 950కి ఉన్న దండని మీరు స్టాల్‌లో 700కి అమ్మితే ఆ షాపు తలుపు మీకు మళ్ళీ తెరుచుకోదు. విజయవాడ ఎంత ఊరండీ, సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. స్టాల్‌లో కూడా షాపు ధరే చెప్పండి. రెండు కొంటే జుంకాల మీద కొంచెం తగ్గించండి, బోణీ బేరానికి ఓ యాభై వదిలేయండి, అంతకి మించి వద్దు.

సరుకు కొనే చోటు కూడా రేటులో భాగమే. పది దండలు చేసేటప్పుడు వన్‌టౌన్‌లో కొనుక్కుంటే సరిపోతుంది. పూత పోసిన గొలుసులు, పెండెంట్లు కావాలంటే మనకి మచిలీపట్నం పక్కనే ఉంది, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పేరు వినని తెలుగు ఇల్లు ఉండదు, బస్సెక్కితే 70 కిలోమీటర్లు. పూసలు ఎక్కువ మొత్తంలో అయితే హైదరాబాద్ బేగంబజార్‌కో, చెన్నై షావుకారుపేటకో వెళ్ళిరావచ్చు. ఎక్కడ కొన్నా ఒక డిజైన్‌కి కావాల్సిన పూసలన్నీ ఒకేసారి, ఒకే లాట్‌లో తీసుకోండి. హైడ్రో పూసల (రత్నాల్లా కనిపించే కృత్రిమ పూసలు) ఆకుపచ్చ ఈ నెల ఒకలా, వచ్చే నెల ఇంకోలా ఉంటుంది. షాపువాళ్ళు "అదే పంపండి" అన్నప్పుడు ఆ తేడా ఎంత టెన్షన్ పెడుతుందో నాకు తెలుసు. హైడ్రో పూసని రూబీ అని, పూత నగని బంగారం అని ఎప్పుడూ అనకండి. అసలు బంగారం జోలికి వెళ్తే హాల్‌మార్క్ ఉంటుంది, 2021 జూన్ నుంచి అది దశలవారీగా తప్పనిసరి చేస్తూ వచ్చారు. ఆ వ్యాపారమే వేరు.

ఏ ఎగ్జిబిషన్‌కి వెళ్ళాలి

హోటళ్ళలో, కళ్యాణ మండపాల్లో రెండు మూడు రోజులు పెట్టే చీరల, నగల ఎగ్జిబిషన్లు ఒక రకం. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్ళకి డ్వాక్రా బజార్లు, సరస్ మేళాలు ఉంటాయి. కేంద్ర జౌళి శాఖ హస్తకళల విభాగం చేతిపనివాళ్ళకి గుర్తింపుగా ఇచ్చే పహచాన్ కార్డు ఉంటే వాళ్ళు పెట్టే హస్తకళల బజార్లలో స్టాల్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. టెర్రకోట (కాల్చిన మట్టి) నగల లాంటి పని చేసేవాళ్ళు ముందు ఆ కార్డు సంగతి చూసుకోండి. ఇవి కాకుండా ఎవరూ లెక్కలోకి తీసుకోనివి రెండున్నాయి, అపార్ట్‌మెంట్లలో పండగ ముందు పెట్టే చిన్న సంత, కార్తీక వనభోజనాలు. నేను ఒక వనభోజనంలో ఉసిరిచెట్టు కింద చాప పరిచి అమ్మినంత సులువుగా ఇంకెక్కడా అమ్మలేదు. అన్నాలు తిని కూర్చున్న ఆడవాళ్ళకి తొందర ఉండదు, పక్కవాళ్ళు కొంటే తామూ కొంటారు, అద్దె లేదు.

డబ్బు కట్టే ముందు అదే నిర్వాహకులు పెట్టిన వేరే ఎగ్జిబిషన్‌కి ఒకసారి కొనేవాళ్ళలా వెళ్ళి చూడండి. సాయంత్రం ఆరింటికి ఎంతమంది ఉన్నారు, బయటికి వచ్చేవాళ్ళ చేతుల్లో కవర్లు ఉన్నాయా లేదా చూడండి. నగల స్టాళ్ళు మొత్తం ఎన్ని ఇస్తున్నారో అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. నేను మొదటిసారి ఇవేమీ చేయలేదు. పేపర్లో ప్రకటన వేస్తాం, ఎఫ్‌ఎంలో చెప్తాం అన్నారు, తీరా వెళ్తే నలభై స్టాళ్ళలో పద్దెనిమిది నగలవే, నాది బాత్రూమ్ దారిలో. రెండు రోజులకి 4,200 అమ్మాను, స్టాల్ అద్దె 9,000. రెండో రోజు సాయంత్రం పక్క స్టాల్ ఆవిడా నేనూ ఒకరి నగలు ఒకరు కొనుక్కుని ఇంటికొచ్చాం.

ఎంత అమ్మితే గిట్టుబాటు అవుతుందో ముందే లెక్క వేసుకోండి. అద్దె 10,000, ఆటో, భోజనం, సాయానికొచ్చిన అమ్మాయికి రెండు రోజుల కూలీ కలిపి ఇంకో 2,000 అనుకుందాం. షాపు ధరకి అమ్మితే సరుకు, కూలీ పోను మీకు నూటికి దాదాపు యాభై మిగులుతుంది, కానీ బేరాలు, తగ్గింపులు పోయాక 40 అనే వేసుకోండి. 12,000 రావాలంటే 30,000 అమ్మాలి. దండ 950 అయితే ముప్పై రెండు దండలు, అదీ అసలుకి మాత్రమే. ఇది చూసుకున్నాక కొన్ని స్టాళ్ళు వద్దనిపిస్తాయి, వదిలేయండి.

మన దగ్గర కాలం కూడా చూసుకోవాలి. మూఢం ఉంటే పెళ్ళిళ్ళు ఉండవు, పెళ్ళిళ్ళు లేకపోతే పెద్ద హారాలు కదలవు. ధనుర్మాసంలోనూ అంతే, కానీ సంక్రాంతికి పిల్లల సెట్లు పోతాయి. శ్రావణం మనకి పంట. వరలక్ష్మీ వ్రతం ముందు రెండు వారాల్లో వచ్చే గిరాకీ మిగతా మూడు నెలల్లో రాదు. దసరాకి బెజవాడలో అమ్మవారి అలంకారాన్ని బట్టి చీర రంగు కట్టుకునేవాళ్ళు చాలామంది, మూలా నక్షత్రం రోజు సరస్వతీ అలంకారానికి తెల్ల చీర కడతారు కాబట్టి ముత్యాల సెట్లు ఆ వారం ముందే అయిపోతాయి. మేలో మాత్రం స్టాల్ వద్దు. ఆ ఎండలో ఎవరొస్తారు, వచ్చినా చెమటకి మెడలో ఏమీ పెట్టి చూసుకోరు.

స్టాల్‌లో

అద్దం రెండు కావాలి, ఒకటి బల్ల మీద, ఒకటి చేతిలో పట్టుకునేది. ఏది మర్చిపోయినా ఇవి మర్చిపోవద్దు. ముదురు రంగు గుడ్డ పరవండి, దండలు పడుకోబెట్టకుండా నిలబెట్టే స్టాండ్లకి వేయండి, పైనుంచి పసుపు కాంతి లైటు రెండు పెట్టుకోండి, హాల్లో ట్యూబులైటు కింద పూత నగలు పాలిపోయినట్టు కనిపిస్తాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీదే తెచ్చుకోండి. నోస్ ప్లయర్ (సన్న మూతి పట్టకారు), జంప్ రింగులు (ముక్కల్ని కలిపే చిన్న రింగులు), అదనపు తాళ్ళు దగ్గర ఉంటే "కొంచెం పొట్టి చేసిస్తారా" అన్నవాళ్ళకి అక్కడికక్కడే చేసివ్వొచ్చు, అలా చేత్తో చేసి చూపిస్తే ఇది మిషన్ సరుకు కాదని మీరు వేరే చెప్పక్కర్లేదు. రేటు చీటీ ప్రతిదానికీ కట్టండి. చీటీ లేకపోతే "ఎంతమ్మా" అని అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయేవాళ్ళు సగం మంది.

ఫోన్‌పే స్క్రీన్‌షాట్ చూపించి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు, సౌండ్ బాక్సు పలికాకే కవరు ఇవ్వండి. సెల్లార్ హాల్స్‌లో సిగ్నల్ ఉండదు, ముందు రోజే వెళ్ళి చూసుకోండి.

ఇప్పుడు అసలు పని. ఒక నోటు పుస్తకం పెట్టుకుని ప్రతి డిజైన్‌కి ఒక కోడ్ ఇచ్చి, ఎవరైనా చేతిలోకి తీసుకుంటే ఒక గీత, మెడలో పెట్టుకుంటే రెండో గీత, కొంటే సున్నా చుట్టండి. "ఇదే మెరూన్‌లో ఉందా" అని అడిగితే రాయండి. రాత్రికి చూసుకుంటే విషయం బయటపడుతుంది. గీతలు ఎక్కువ, సున్నాలు తక్కువ అంటే డిజైన్ నచ్చింది, రేటు నచ్చలేదు. గీతలే లేకపోతే దాన్ని విప్పేసి పూసలు వేరే దానికి వాడుకోండి, బాధపడకండి. నేను ఎంతో ఇష్టపడి చేసిన పగడాల చోకర్‌కి మూడు ఎగ్జిబిషన్లలో ఒక్క గీత పడలేదు.

స్టాల్‌కి వచ్చినవాళ్ళలో "మీరు హోల్‌సేల్ ఇస్తారా" అని అడిగేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. మారుబేరానికి కొనేవాళ్ళు, పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేసే మేకప్ ఆర్టిస్టులు, బొటీక్ వాళ్ళు. అక్కడికక్కడ కంగారుపడి రేటు చెప్పేయకండి. నంబరు తీసుకుని, రెండు రోజుల్లో రేట్ల షీటు పంపిస్తానని చెప్పి, తప్పకుండా పంపండి.

షాపు మెట్లెక్కేటప్పుడు

వన్‌టౌన్‌లోనో, గుంటూరు పట్నంబజార్‌లోనో ఫ్యాన్సీ షాపులకి వెళ్ళి లాభం లేదు. వాళ్ళకి ముంబై నుంచి మిషన్ సరుకు గ్రోసుల (గ్రోసు అంటే 144) లెక్కన వస్తుంది, ఆ రేటుతో మన చేతి పని పోటీపడలేదు. మొగల్రాజపురం, లబ్బీపేట, గుంటూరు లక్ష్మీపురం, బ్రాడీపేట వైపు చీరల బొటీక్‌లు, బ్లౌజులు కుట్టే డిజైనర్ల దగ్గరికి వెళ్ళండి. మంగళగిరి చేనేత అమ్మేవాళ్ళు ఇంకా మంచిది, ఆ నిజాం బోర్డర్ చీరకి తగ్గ దండ పక్కనే వేలాడితే చీరతో పాటు అదీ పోతుంది. శనాదివారాలు, సాయంత్రాలు వెళ్ళకండి, వాళ్ళ గిరాకీ టైములో మీరు పెట్టె తెరిస్తే విసుక్కుంటారు. మంగళవారమో బుధవారమో పదకొండింటికి ఫోన్ చేసి వెళ్ళండి. శ్రావణం సరుకు కోసం ఆషాఢం మొదట్లోనే కలవాలి, శ్రావణం వచ్చాక వెళ్తే వాళ్ళ అల్మరా అప్పటికే నిండి ఉంటుంది.

చేతిలో పది నమూనాలు, ఒక ఏ4 కాగితం చాలు. కాగితం మీద ఫోటో, కోడ్, హోల్‌సేల్ రేటు, వాళ్ళు అమ్మాల్సిన ధర, ఏయే రంగులు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, మొదటి ఆర్డరు కనీసం ఎంత. నేను మొదటి ఆర్డరు 5,000 పెట్టాను, ఒక డిజైన్‌లో కనీసం మూడు. అంతకన్నా ఎక్కువ అడిగితే కొత్తవాళ్ళని నమ్మి ఎవరూ ఇవ్వరు.

"సరుకు పెట్టి వెళ్ళమ్మా, అమ్మితే డబ్బులిస్తాం" అంటారు. ఎక్కువమంది ఇదే అంటారు. ఒక్కసారికి, ఒక్క నెలకి, 3,000 లోపు సరుకుకి ఒప్పుకోవచ్చు, అదీ చలానా పుస్తకంలో వస్తువు వస్తువుకీ రాసి సంతకం పెట్టించుకుని. నేను ఒక షాపులో సంతకం లేకుండా 22,000 సరుకు పెట్టాను. ఆరు నెలలు "రేపు రండి" అయ్యాక, మెరుపు పోయిన పదకొండు దండలు ఒక కవర్లో పోసి ఇచ్చారు, మిగతావి అసలు తీసుకోలేదన్నారు. తప్పు నాదే, కాగితం లేదు.

ఇప్పుడు మొదటి ఆర్డరుకి సగం ముందు, సగం సరుకు చేతికిచ్చినప్పుడు. రెండో ఆర్డరు నుంచి పదిహేను రోజుల అరువు. చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, డబ్బులడిగే ఏజెంట్ల జోలికి వెళ్ళొద్దు. ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం తయారుచేసే చిన్న సంస్థకి కొన్నవాళ్ళు, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ. బొటీక్ ఆవిడ మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడం నా వల్ల కాదు, రేపు మళ్ళీ మొహం చూడాలిగా. కానీ బిల్లు కింద ఉద్యమ్ నంబరు, "15 రోజుల్లో చెల్లించాలి" అనే లైను ఉంటే డబ్బుల కోసం నేను చేయాల్సిన ఫోన్లు తగ్గిన మాట నిజం.

జీఎస్టీ గురించి భయపెడుతుంటారు. వస్తువులు మాత్రమే అమ్మేవాళ్ళకి మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. ఇమిటేషన్ నగల మీద పన్ను 3 శాతం. హైదరాబాద్‌లో స్టాల్ పెట్టాలంటే మాత్రం రాష్ట్రం మారుతుంది కాబట్టి 90 రోజులు చెల్లే తాత్కాలిక రిజిస్ట్రేషన్ అవసరం పడొచ్చు, దానికి కనీసం ఐదు రోజుల ముందు దరఖాస్తు చేయాలి. చేతిపని వస్తువులకి కొన్ని మినహాయింపులున్నాయి, మీ సరుకు వాటి కిందకి వస్తుందో లేదో ఆడిటర్‌ని ఒకసారి అడగండి.

ఆర్డరు వచ్చాక

మొదటి యాభై పీసుల ఆర్డరు వచ్చినప్పుడు నేను మూడు రాత్రులు నిద్రపోలేదు, చివరి పదిహేను దండలు ముడి సరిగ్గా పడక ఊడిపోయాయి. అందుకని యాభై మీరొక్కరే గుచ్చుతానని ఒప్పుకోవద్దు. ఇద్దరు ఆడవాళ్ళకి పీసు లెక్కన ఇవ్వండి, పూసలు డిజైన్‌కి సరిపడా లెక్కపెట్టి కవర్లలో కట్టి ఇవ్వండి, ఒక నమూనా దండ వాళ్ళ దగ్గరే ఉంచండి. హుక్కు దగ్గర ముడి మాత్రం మీరే వేయండి, తెగేది అక్కడే. తయారైన ప్రతి దండనీ రెండు చేతులతో ఒకసారి గట్టిగా లాగి చూడండి, తెగితే ఇంట్లోనే తెగాలి. ఒక్కోటీ వేరే జిప్ కవర్లో గాలి తీసి పెట్టండి, కృష్ణ పక్కన ఉన్న ఊళ్ళో ఈ తేమకి పూత నల్లబడటానికి ఎక్కువ రోజులు పట్టదు. సరుకు నేల మీద పెట్టెల్లో ఉంచకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో ఇళ్ళలోకి ఎంత నీళ్ళొచ్చాయో చూశాం కదా, అప్పటి నుంచి నా పెట్టెలన్నీ అటకెక్కాయి.

సరుకు ఇచ్చిన మూడు వారాలకి షాపుకి మళ్ళీ వెళ్ళండి, డబ్బుల కోసం కాదు. ఏది పోయింది, ఏది వేలాడుతోంది చూసి, వేలాడేవాటిని మీరే తీసుకుని వేరే డిజైన్ పెట్టండి. నేను మొదటిసారి అలా నాలుగు మార్చినప్పుడు మా గుంటూరు బొటీక్ ఆవిడ ఆశ్చర్యపోయి, "ఎవరూ ఇలా మార్చివ్వరమ్మా" అని అక్కడే రెండో ఆర్డరు రాసింది. మార్చి తెచ్చిన ఆ నాలుగూ తర్వాతి స్టాల్‌లో అమ్ముడుపోయాయి, రెండు ఉదయమే.